ఒక తూటా, పదకొండు నిమిషాల తేడా: చిన్న ఎయిర్‌పోర్టులో ఒక కేసు

ఎక్స్‌రే బెల్టు మీద ఆ సంచి ఆగింది ఉదయం 7 గంటల 14 నిమిషాలకు. మా డ్యూటీ రిజిస్టర్లో అలాగే ఉంది. సీసీ కెమెరా రికార్డింగులో మాత్రం 7 గంటల 25 నిమిషాలు. రెండూ మా లెక్కలే. ఈ తేడా సంగతి తర్వాత చెప్తాను, అప్పటికి మాకే తెలియదు.

నేను రాష్ట్ర పోలీసులో ఇన్‌స్పెక్టర్ని. మూడేళ్లపాటు ఒక చిన్న ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ యూనిట్ చూసుకున్నాను. ఊరి పేరు, జిల్లా పేరు రాయను. కేసు మూసేసినా ఆ కుటుంబం అక్కడే బతుకుతోంది. ఈ పోస్టింగుకు వచ్చే కుర్ర ఎస్సైలు నాకు ఫోన్ చేసి "రెస్టు పోస్టింగే కదా సార్" అంటుంటారు. రాత్రి రెండింటికి గలాటాలు ఉండవు, నిజమే. చివరి విమానం వెళ్లిపోయాక టెర్మినల్ దగ్గర కుక్క కూడా కనిపించదు. కనిపించకూడదు కూడా, రన్‌వే మీదికొచ్చే కుక్కలతో మేం పడ్డ పాట్లు వేరే కథ. ఆ కుర్ర ఎస్సైల కోసమే ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను, మేం చేసిన తప్పులతో సహా.

పెత్తనం ఢిల్లీది, మనుషులు జిల్లావాళ్లు

ఎయిర్‌పోర్టు భద్రత అనగానే జనానికి కేంద్ర బలగమైన సీఐఎస్ఎఫ్ గుర్తొస్తుంది. నిజానికి 2000 దాకా దేశమంతటా ఈ పని చేసింది రాష్ట్ర పోలీసులే. 1999 డిసెంబర్ 24న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఐసీ 814 హైజాక్ అయ్యాక, 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి ఒక్కో ఎయిర్‌పోర్టునూ సీఐఎస్ఎఫ్‌కి అప్పగించుకుంటూ వచ్చారు. పెద్దవన్నీ అటు వెళ్లిపోయాయి. చిన్నవి కొన్ని మా చేతుల్లోనే మిగిలాయి.

ఆ తర్వాత చిన్న ఊళ్లకు తక్కువ ధరలో విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ వచ్చింది. 2016 అక్టోబర్‌లో పథకం మొదలైంది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో తొలి విమానానికి జెండా ఊపినప్పుడే కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ సర్వీసులు కూడా మొదలయ్యాయి. పేపర్లన్నీ టికెట్ ధర గురించే రాశాయి. పథకంలో ఇంకో షరతు ఉంది: ఈ ఎయిర్‌పోర్టులకు పోలీసు భద్రత, అగ్నిమాపక సేవ రాష్ట్రప్రభుత్వమే ఉచితంగా ఇవ్వాలి. ఆ ఉచితం అనే మాట జిల్లా ఎస్పీ ఆఫీసుకు చేరేసరికి "ఏఆర్ (సాయుధ రిజర్వు పోలీసు) నుంచి ఇంతమందిని సర్దు" అవుతుంది. సర్దిన వాళ్లలో ఎంతమంది బందోబస్తుల నుంచి మిగులుతారన్నది ఆ నెలలో ఎన్ని జాతరలు, ఎన్ని సభలు ఉన్నాయనే దాన్ని బట్టి ఉంటుంది.

నిబంధనలు మాత్రం ఢిల్లీలోని పౌర విమానయాన భద్రతా బ్యూరోవి, అందరూ బీసీఏఎస్ అంటారు. 1976లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం హైజాక్ అయ్యాక 1978లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏలో ఒక విభాగంగా పుట్టింది. 1985లో ఎయిర్ ఇండియా విమానం కనిష్క బాంబుతో పేలి 329 మంది చనిపోయాక, 1987 ఏప్రిల్‌లో విడి శాఖ అయింది. ప్రతి నియమం వెనకా ఒక ప్రమాదం ఉంది కాబట్టి చిన్న ఎయిర్‌పోర్టు అని ఏ నియమాన్నీ తగ్గించరు. రోజుకు ఐదు చిన్న ఏటీఆర్ విమానాలు దిగే చోటైనా, ఐదొందల విమానాలు దిగే చోటైనా బాంబు బెదిరింపు వస్తే అదే కమిటీ కూర్చోవాలి, అదే ఫారం నింపాలి. తేడా ఏమిటంటే, పెద్దచోట ఆ కమిటీలో ఎనిమిదిమంది అధికారులు ఉంటారు. మా దగ్గర ముగ్గురం గదిలో కూర్చుని మిగతా ఐదుగురికి ఫోన్లు చేసేవాళ్లం.

ఇంకో గీత కూడా తెలియాలి. టెర్మినల్ తలుపు లోపల తనిఖీ మాది. నేరం కనిపిస్తే కేసు కట్టే అధికారం మాది కాదు. మనిషినీ వస్తువునీ ఫిర్యాదు కాగితంతో స్థానిక స్టేషన్‌కి అప్పగించాలి. బయట కార్ పార్కింగులో డ్రైవర్లు కొట్టుకుంటే అది కూడా స్టేషన్‌దే. పెద్ద ఎయిర్‌పోర్టులకు సొంత స్టేషన్ ఉంటుంది. మాకు దగ్గర స్టేషన్ పదకొండు కిలోమీటర్ల దూరం, మధ్యలో రైల్వే గేటు.

సంక్రాంతి వెళ్లిన వారం

2025 జనవరి. పండగ తర్వాత వారం మాకు ఏడాదిలోకెల్లా గడ్డుకాలం. ఊళ్లకొచ్చిన వాళ్లంతా హైదరాబాదుకో బెంగుళూరుకో తిరుగుముఖం పడతారు. ప్రతి సంచిలో అరిసెల డబ్బా, నేతి సీసా, అమ్మ కట్టిచ్చిన పచ్చడి. ఎక్స్‌రే తెర మీద తిండి, బట్ట, కాగితం లాంటివి నారింజ రంగులో, లోహం నీలంలో, మధ్యరకం ఆకుపచ్చలో పడతాయి. అరిసెల డబ్బా అంటే ఒక పెద్ద నారింజ ముద్ద, దాని వెనక ఏం దాగినా కనపడదు. ఎండుకొబ్బరి తేలిగ్గా అంటుకునే సరుకు కింద లెక్క, పంపం. అదే సమయంలో అయ్యప్ప భక్తుల ఇరుముడిలో కొబ్బరికాయకు మాత్రం మినహాయింపు ఉంది. 2024 అక్టోబర్‌లో ప్రకటించారు, 2025 జనవరి 20 దాకా చెల్లింది. ఎక్స్‌రే, పేలుడు పదార్థాల జాడ చూసే యంత్రం, చేతి తనిఖీ మూడూ అయ్యాకే పంపాలి. "స్వామి కాయకి ఒప్పుకున్నారు, నా మనవడికి పట్టుకెళ్లే చిప్పలకేం వచ్చింది నాయనా" అని అడిగే మామ్మగారికి జవాబు చెప్పేసరికి లైను ముఖద్వారం దాకా వచ్చేసేది.

ఆ రోజు ఉదయం 8 గంటల 5 నిమిషాల విమానం. 78 సీట్ల ఏటీఆర్‌లో 71 మంది. ఉన్న రెండు ఎక్స్‌రే యంత్రాల్లో ఒకటి విడిభాగం కోసం మూడు వారాలుగా ఆగిపోయింది. ఎక్స్‌రే తెర చూసే స్క్రీనర్‌ని ఇరవై నిమిషాలకోసారి మార్చాలి, కళ్లు అలసిపోతే తెర మీద బొమ్మ ఉన్నా మెదడుకు ఎక్కదు. మాకు సర్టిఫికెట్ ఉన్న స్క్రీనర్లు ఆ షిఫ్టులో ఇద్దరే. తెర ముందు కూర్చున్న మహిళా కానిస్టేబుల్ అప్పటికి యాభై నిమిషాలుగా లేవలేదు. ఈ మాట నా రిపోర్టులో కూడా రాశాను, తప్పు నాది కాబట్టి.

ఆమెకు కనిపించింది సంచి పక్కజేబులో లిప్‌స్టిక్ అంత నీలం గీత, కొసన నల్లటి మొన. మొదట యంత్రమే పరీక్ష పెట్టిందనుకుంది. స్క్రీనర్ నిద్రపోతున్నారో మేల్కొన్నారో చూడ్డానికి మధ్యమధ్యలో యంత్రం ఉత్తుత్తి కత్తి బొమ్మో తుపాకి బొమ్మో సంచిలో ఉన్నట్టు చూపిస్తుంది. మీట నొక్కితే "ఇది పరీక్ష" అని చెప్పేస్తుంది. ఆమె నొక్కింది, యంత్రం అలా చెప్పలేదు. బెల్టు వెనక్కి తిప్పి, సంచిని అడ్డంగా పెట్టించి మళ్లీ పంపింది. ఈసారి గుండ్రటి అడుగు కూడా కనిపించింది. "సార్, రౌండ్" అంది, అంటే తూటా, గట్టిగా కాదు. ఇంతవరకు జరిగిందంతా పాఠంలో చెప్పినట్టే ఉంది. తర్వాతిది అలా లేదు.

సంచి యజమాని నలభై దాటిన మనిషి, బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వెంట భార్య, ఏడేళ్ల పాప. తనిఖీ బల్ల దగ్గరున్న మా హెడ్ కానిస్టేబుల్‌ది ఆ మండలమే. చూడగానే గుర్తుపట్టాడు. "ఏం బాబూ, రైసుమిల్లు పెద్దాయన అబ్బాయివి కదూ? సంచి తీసుకుని ఇలా పక్కకి రా" అన్నాడు. ఆయన సంచి తీసుకుని, తనే మోసుకుంటూ బల్ల దగ్గరికొచ్చాడు. హెడ్ జిప్పు తీసి, ఉత్త చేత్తో తూటా బయటికి తీసి, కళ్ల ముందు పెట్టి "ఇదేంటి బాబూ?" అన్నాడు.

అర నిమిషంలో రెండు తప్పులు. అనుమానం వచ్చిన క్షణం నుంచి యజమాని చెయ్యి ఆ సంచి మీద పడకూడదు. వస్తువును ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. హెడ్‌కి ఈ రెండూ తెలియక కాదు, రెండేళ్లుగా కొత్త కానిస్టేబుళ్లకు ఆయనే చెప్తున్నాడు. ఎదురుగా నిలబడ్డది పరాయి మనిషైతే తప్పక పాటించేవాడు. చిన్న ఎయిర్‌పోర్టులో నాకు యంత్రం పాడవడం కన్నా ఎక్కువ భయం ఇదే. అందరూ అందరికీ తెలుసు. ప్రయాణికుడి తండ్రి తెలుసు, క్యాంటీన్ కుర్రాడి మేనమామ తెలుసు, లోడర్ ఏ వీధిలో ఉంటాడో తెలుసు. తెలిసిన మొహాన్ని చూసి చెయ్యి మెత్తబడుతుంది. లంచం తీసుకునే మనిషిని సస్పెండ్ చేయవచ్చు, పలకరింపుని ఏం చేస్తాం?

లోపలివాళ్ల విషయంలో ఈ మెత్తదనం ఎంత దూరం పోతుందో మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 25న విశాఖ ఎయిర్‌పోర్టు లాంజ్‌లో అప్పటి ప్రతిపక్ష నేత జగన్మోహన్ రెడ్డి మీద కోడికత్తితో దాడి జరిగింది. నిందితుడు ప్రయాణికుడు కాదు, టెర్మినల్లోని రెస్టారెంట్‌లో పనిచేసే వ్యక్తి. లోపల కాపలా సీఐఎస్ఎఫ్‌ది, కేసు మొదట రాష్ట్ర పోలీసులది, తర్వాత కేంద్రం దాన్ని జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏకి అప్పగించింది. రాజకీయం సంగతి పక్కన పెడితే, ఆ ఘటన తర్వాత మా బోటి చోట్ల కూడా వంటగది కత్తులకు లెక్క పుస్తకం వచ్చింది. పొద్దున ఎన్ని లోపలికి వెళ్లాయి, రాత్రి ఎన్ని బయటికొచ్చాయి అని. ఉల్లిపాయలు కోసే కుర్రాడు రోజూ సంతకం పెడుతూ మా వంక జాలిగా చూసేవాడు.

ఇరవై ఆరు నిమిషాలు

నేను బల్ల దగ్గరికి చేరేసరికి తూటా ట్రేలో ఉంది. పాయింట్ త్రీ టూ రివాల్వర్‌ది, అడుగున కేఎఫ్ అక్షరాలు, క్యాప్ మీద పిన్ను దెబ్బ లేదు, అంటే పేలనిది. ఆయన మొహం పాలిపోయింది. "నాన్నగారి సంచి సార్ ఇది, పచ్చళ్లు సర్దడానికి అటక మీంచి తీశాం" అన్నాడు. భార్య ఏడుస్తోంది. పాప ఆ ట్రే వంకే చూస్తోంది.

మనిషిని చూస్తే నిజమే చెప్తున్నాడనిపించింది. కానీ అక్కడ నా పని ఆయన నిజాయితీ తూచడం కాదు. నన్ను తొలుస్తున్న ప్రశ్న వేరు. తూటా ఇక్కడ దొరికింది, మరి తుపాకి? స్క్రీనర్ యాభై నిమిషాలు కదలకుండా కూర్చుంది. ఆ యాభై నిమిషాల్లో ఆమె కళ్లు ఏదైనా వదిలేసి ఉంటే? అప్పటికే పందొమ్మిది మంది తనిఖీ దాటి లోపలి హాల్లో కూర్చున్నారు. అందరినీ, వాళ్ల సంచుల్నీ మళ్లీ తనిఖీ చేయమన్నాను, రెండో స్క్రీనర్‌ని కూర్చోబెట్టి. ఎయిర్‌లైన్ స్టేషన్ మేనేజర్ గడియారం చూపించాడు. ఎయిర్‌పోర్టు డైరెక్టర్ "భద్రత విషయం, మీ ఇష్టం" అన్నారు. ఆ మాట అనని డైరెక్టర్లు కూడా ఉంటారు, ఆ విషయంలో నేను అదృష్టవంతుణ్ని. ఒక్క యంత్రంతో పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఏమీ దొరకలేదు.

ఇంకోపక్క విమానం పొట్టలోకి వెళ్లిన ఆయన పెట్టెలు రెండు దించాలి. ప్రయాణికుడు ఎక్కనప్పుడు అతని పెట్టె ఎగరకూడదు. కనిష్క మిగిల్చిన పాఠాల్లో ఇది మొదటిది. అక్కడ బాంబున్న పెట్టె ఎక్కింది, దాని యజమాని ఎక్కలేదు. భార్య, పాప వెళ్లవచ్చని చెప్పాం, వాళ్లు మాత్రం వెళ్లం అన్నారు. మూడు బోర్డింగ్ పాసులు రద్దు చేసి, ట్యాగు నంబర్లు చూసి లోడర్లు పెట్టెలు దించారు. ఆ పెట్టెలు కూడా విప్పి చూశాం. అరిసెలు, చీరలు, పాప బొమ్మలు. విమానం 8 గంటల 31 నిమిషాలకు లేచింది.

మా పై అధికారి ఒకాయన తర్వాత "పందొమ్మిది మందిని మళ్లీ తడమడం అతి కాదా" అన్నారు. కాదనే ఇప్పటికీ అంటాను. ఒంటరిగా దొరికిన తూటా ఒంటరిదే అని నమ్మడానికి ఆ నిమిషంలో నా దగ్గర ఆధారం ఏమీ లేదు.

ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. మొదటిది మాజీ సర్పంచ్‌ది, మర్యాదగానే మాట్లాడాడు. రెండోది మిల్లు పెద్దాయన పాత స్నేహితుడిది. మూడోది "ఫలానా పేషీ నుంచి" అన్న కుర్రాడిది, పేరు అడిగితే పెట్టేశాడు. మూడింటికీ ఒకటే చెప్పాను: తూటా కెమెరాలో పడింది, రిజిస్టర్లోకి ఎక్కింది, నేను చేయగలిగింది ఏమీ లేదు. అబద్ధం కాదు గానీ, రిజిస్టర్లోకి వెంటనే ఎక్కించింది ఈ ఫోన్లు వస్తాయని తెలిసే. కొత్తగా వచ్చే ఎస్సైలకు నేను మొట్టమొదట చెప్పేది ఇదే, ముందు జీడీలో, అంటే జనరల్ డైరీలో రాయండి, తర్వాత ఫోన్ ఎత్తండి. సిఫార్సు చేసేవాడు కూడా "అప్పటికే రాసేశారట" అని తన మనిషికి చెప్పుకుని బయటపడతాడు. తనిఖీ దగ్గరా ఇంతే. తనిఖీ అక్కర్లేనివాళ్ల జాబితా ఒకటి ఉంది. గవర్నర్‌కు, ముఖ్యమంత్రికి అందులో మినహాయింపు ఉంది. ఎమ్మెల్యేకి లేదు, రాష్ట్ర మంత్రికీ లేదు. జాబితా లామినేట్ చేసి గోడకు తగిలించాను. చెయ్యి అడ్డం పెట్టకుండా దాన్ని చూపిస్తే చాలాసార్లు సరిపోయేది.

మధ్యవర్తులకు పాసులు

స్టేషన్‌కి 7 గంటల 22 నిమిషాలకే ఫోన్ చేశాం, మా గడియారం ప్రకారం. ఎస్సై పక్క మండలంలో బందోబస్తులో ఉన్నాడు. ఏఎస్సై, రైటర్ జీపులో వచ్చేసరికి 9 గంటల 50 నిమిషాలు. రెండున్నర గంటలు ఆ కుటుంబాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? వాళ్లు నిందితులా, సాక్షులా, ప్రయాణికులా? మాకు లాకప్ లేదు, ఉండకూడదు. నా గదిలో కూర్చోబెట్టి, తలుపు తెరిచి ఉంచి, మహిళా కానిస్టేబుల్‌ని తోడు పెట్టాను. పాపకు క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెప్పించాం.

వచ్చాక అసలు తంతు మొదలైంది. స్వాధీనం మధ్యవర్తుల, అంటే పంచనామా సాక్షుల ముందు జరగాలి. మన స్టేషన్లలో మధ్యవర్తులంటే వీఆర్‌వోనో ఇంకో ప్రభుత్వోద్యోగో. ఏఎస్సై ఇద్దర్ని వెంట తెచ్చాడు. వాళ్లు లోపలి హాల్లోకి రావాలంటే విజిటర్ పాసు కావాలి. పాసుకు దరఖాస్తు, గుర్తింపు కార్డు. ఒకాయన ఆధార్ ఇంట్లో మర్చిపోయాడు. నేరం జరిగిన చోట పంచనామా రాయడానికి వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని నిబంధన ప్రకారం నేనే గుమ్మం దగ్గర ఆపాల్సి వచ్చింది. ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. చివరికి తూటాని, సంచిని బయటి వైపు గదిలోకి తెచ్చి అక్కడ రాశారు. అంటే స్వాధీనం అయిన చోటు కాగితంలో ఒకటి, నిజంలో ఇంకొకటి.

పాసులున్న లోపలి సిబ్బందినే మధ్యవర్తులుగా పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. పెట్టుకోవచ్చు. కానీ లోడర్లు, కౌంటర్ పిల్లలు కాంట్రాక్టువాళ్లు. రెండేళ్లకు కోర్టు సమన్లు వచ్చేసరికి ఒకరు దుబాయ్‌లో, ఒకరు పుణేలో ఉంటారు.

వీడియో సంగతి ఇంకా ఘోరం. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 105 సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కి పంపాలి. దానికి ఈ-సాక్ష్య యాప్ ఉంది. ఏఎస్సై ఫోన్లో యాప్ ఉంది, లాగిన్ ఎస్సై పేరు మీద ఉంది. ఎస్సై బందోబస్తులో ఉన్నాడు. ఓటీపీ కోసం ఇరవై నిమిషాలు ఆగాం. వీడియోలో రికార్డైంది రెండోసారి తీసిన తూటా. మొదటిసారి మా హెడ్ తీసిన క్షణం సీసీ కెమెరాలోనే ఉంది, పైనుంచి, కొంచెం మసగ్గా.

లైసెన్సు లేకుండా తూటా దగ్గర ఉంచుకున్నందుకు కేసు ఆయుధాల చట్టం 25(1-బి)(ఎ) కింద కట్టారు. 2019 సవరణ తర్వాత దానికి రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. ఏడేళ్ల లోపు శిక్ష కాబట్టి అరెస్టు లేకుండా, పిలిచినప్పుడు హాజరు కావాలనే 35(3) నోటీసు ఇచ్చారు, పాత లెక్కలో 41ఏ. సాయంత్రం నాలుగింటికి ఆ కుటుంబం ఆటోలో ఊరికి వెళ్లిపోయింది. మా హెడ్ ఆటో మాట్లాడిపెట్టాడు. దానికి నేనేమీ అనలేదు.

పదకొండు నిమిషాలు

మా సీసీ కెమెరా రికార్డింగు ముప్పై రోజులు నిలుస్తుంది, తర్వాత దాని మీదే కొత్తది రాసుకుంటుంది. దర్యాప్తు అధికారి ఫుటేజీ కోసం ఇరవై ఆరో రోజున వచ్చాడు. ఇంకో ఐదు రోజులు ఆలస్యమైతే ఈ కథలో ఈ భాగమే ఉండేది కాదు. అంతకుముందే నేనే కాపీ తీసి పెట్టి ఉండాల్సింది. తీయలేదు.

అప్పుడు బయటపడింది గడియారం తేడా. మా రిజిస్టర్, ఎయిర్‌లైన్ వాళ్ల బోర్డింగ్ సమయాలు ఒకదానికొకటి సరిపోయాయి. కెమెరా సర్వర్ మాత్రం పదకొండు నిమిషాలు ముందుంది. యూపీఎస్ బ్యాటరీ ఒకసారి చచ్చి సర్వర్ ఆగిపోయిందట. మళ్లీ లేచినప్పుడు కుర్రాడెవరో చేతి గడియారం చూసి సమయం పెట్టాడట. రికార్డింగు ప్రకారం తూటా బయటపడింది 7:25కి. స్టేషన్‌కి ఫోన్ చేసింది 7:22కి. అంటే తూటా దొరకడానికి మూడు నిమిషాల ముందే పోలీసులకు కబురు వెళ్లింది! డిఫెన్స్ లాయర్‌కి ఇంతకన్నా పండగ ఉంటుందా?

కొత్త సాక్ష్య చట్టం 63 సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఇవ్వాలి, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువతో. దానికి రెండు భాగాలు. మొదటిది పరికరం చూసుకునే మనిషిది, రెండోది నిపుణుడిది. మొదటిదాంట్లో సంతకం పెట్టడానికి మనిషి దొరికాడు, అదే యూపీఎస్ కుర్రాడు. నిపుణుడు మా ఎయిర్‌పోర్టులో ఎవరు? చివరికి హార్డ్ డిస్క్ సీలు చేసి ల్యాబ్‌కి పంపారు. నేను మధ్యవర్తుల ముందు కెమెరా గడియారాన్ని, ఫోన్ గడియారాన్ని పక్కపక్కన పెట్టి ఫొటో తీయించి, తేడా ఇంత అని ఒక కాగితం రాసిచ్చాను. అది నిలుస్తుందో లేదో తేలకుండానే కేసు వేరే దారిన వెళ్లింది.

ఆ తర్వాత మేం మార్చినవి కొన్ని ఉన్నాయి. సర్వర్ సమయం నెట్‌వర్క్ నుంచి తీసుకునేలా పెట్టించాం. ఉదయం షిఫ్టు ఎక్కగానే కెమెరా గడియారానికీ మన గడియారానికీ తేడా జీడీలో రాస్తారు, సున్నా అయినా సరే. ఏదైనా దొరికితే ఆ రోజే ఫుటేజీ రెండు కాపీలు. తనిఖీ బల్ల దగ్గర చేతి తొడుగుల డబ్బా, దాని పక్కన మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె. రెవెన్యూ ఆఫీసు నుంచి నలుగురి పేర్లు ముందే తీసుకుని వాళ్ల వివరాలు పాస్ సెక్షన్లో ఉంచాం, రెండోసారి ఎవర్నీ గుమ్మం దగ్గర ఆపాల్సిన పని రాలేదు. స్క్రీనర్ల సంఖ్య మాత్రం నేను వచ్చేసేనాటికి కూడా పెరగలేదు. కోర్సుకు పంపాలంటే ఉన్నవాళ్లలోంచి పంపాలి, పంపితే ఆ రెండు వారాలు తెర ముందు కూర్చునేది ఎవరు?

ఇంకొకటి. ఆ సంచి ఐదు రోజుల ముందే ఇదే మనిషితో ఒక పెద్ద ఎయిర్‌పోర్టు నుంచి మా దగ్గరికి వచ్చింది. అప్పుడు చెకిన్‌లో వేశానన్నాడు, ట్యాగు ముక్క ఇంకా హ్యాండిల్‌కి అంటుకునే ఉంది. అటక మీంచి ఇప్పుడే తీశామన్న మాటకు ఇది పొసగలేదు. గట్టిగా అడిగితే, సంచి తీసింది పోయిన దసరాకి, అప్పటి నుంచి వాడుతున్నాం అన్నాడు. భయంలో అన్న మొదటి మాటకూ, తేరుకున్నాక చెప్పిన మాటకూ ఉండే తేడా అది. పోలీసులకు కొత్త కాదు. అయినా రాసుకోవాలి, రాసుకున్నాం. ఆ పెద్ద ఎయిర్‌పోర్టు గురించి బీసీఏఎస్ ప్రాంతీయ కార్యాలయానికి రిపోర్టు పంపాను. దాని మీద ఏం జరిగిందన్నది నా దాకా రాలేదు.

పదో రౌండు

ల్యాబ్ నివేదిక వేసవి దాటాక వచ్చింది. తూటా పేలగలిగేదే. ఆయుధాల చట్టం 39 సెక్షన్ ప్రకారం ఇలాంటి కేసులో ఛార్జిషీటు వేయాలంటే ముందు జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్ అనుమతి కావాలి. ఫైలు వెళ్లింది. దగ్గర ఉండటం వేరు, ఉందని తెలిసి దగ్గర పెట్టుకోవడం వేరు. 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు స్వాధీనం అంటే ఎరుకతో కూడినది అని చెప్పింది. ఎయిర్‌పోర్టుల్లో ఒంటరి తూటా దొరికిన కేసులు చాలావరకు ఆ మాట దగ్గరే ఆగుతాయి.

ఎరుక ఉందో లేదో తేల్చడానికి దర్యాప్తు అధికారి మిల్లు పెద్దాయన లైసెన్సు పుస్తకం తెప్పించాడు. ఆయన పోయి మూడేళ్లయింది. లైసెన్సుదారు చనిపోతే ఆయుధాన్ని, తూటాలను వారసులు స్టేషన్లోనో డీలర్ దగ్గరో జమ చేయాలి, 21 సెక్షన్. కొడుకు చేశాడు కూడా, నెల తిరక్కుండానే. లైసెన్సు పుస్తకంలో చివరిసారి కొన్న రౌండ్లు పది, వాడినట్టు ఎంట్రీ ఏదీ లేదు. ఇక తెలియాల్సింది ఎన్ని జమ అయ్యాయన్నదే.

కలెక్టర్ అనుమతి ఇవ్వలేదు. కేసు మూసేస్తూ కోర్టుకు తుది నివేదిక వెళ్లింది. హెడ్ కానిస్టేబుల్‌కి మెమో ఇచ్చాను, స్క్రీనర్ అమ్మాయికి రివార్డు రాశాను. రెండూ ఒకే ఫైల్లో ఉంటాయి.

ఆ ఫైల్లోనే జమ రసీదు జెరాక్స్ కూడా ఉంది. మూడేళ్ల కిందట ఇచ్చిన స్టేషన్ రసీదు. రివాల్వర్ ఒకటి, రౌండ్లు తొమ్మిది. పక్కన "లైసెన్సు ప్రకారం తేడా ఉన్నచో వివరం" అనే గడి ఉంది. అందులో ఎవరూ ఏమీ రాయలేదు.